గది ఖాళీ లేదండీ

ఆ వేసవిలో మా నాన్న నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు.

బడికి సెలవులిచ్చిన మర్నాడే బస్సెక్కి వచ్చాను. వదిన తన కూతురి పురుడికి వెళ్ళాలి. అన్నయ్య గూడ్సు రైళ్ళు నడుపుతాడు, ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. ఏడాది పొడుగునా నాన్నని చూసుకునేది వదినే కాబట్టి ఈ సెలవులు నా వంతు అని నేనే అన్నాను. "మతిమరుపు బాగా ముదిరింది, చూసి బెంబేలు పడకు" అని వదిన ఫోనులో ముందే చెప్పింది. బెంబేలు పడడానికి నేనేమన్నా చిన్నపిల్లనా అనుకున్నాను. డ్రిల్లు టీచర్ని. నేను ఈల ఊదితే మైదానంలో పిల్లలే కాదు, గోడ అవతల సైకిలు మీద పోయేవాళ్ళు కూడా ఆగుతారు.

వదిన వెళ్ళిన మర్నాడు పొద్దున్న నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి నాన్న హాల్లో బల్ల వెనక కుర్చీలో, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సగం లేచాడు.

"నమస్కారమండీ. నిద్ర బాగా పట్టిందా? ఫ్యాను చప్పుడేమీ చెయ్యలేదు కదా?"

వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. ఆయనకి ఆ అలవాటుంది.

"పట్టింది గానీ, నువ్వు టీ తాగావా?"

నాన్న మొహం కొంచెం ముడుచుకుంది. అయినా నవ్వు చెడనివ్వలేదు. "డ్యూటీలో ఉన్నప్పుడు గెస్టుల ముందు తాగమండీ. మీరు కూర్చోండి, మీకు పంపిస్తాను."

నాన్న పని చేసినన్నాళ్ళూ స్టేషను ఎదుట లాడ్జిలో కౌంటరు మీదే పని చేశాడు. వచ్చినవాడు ఎంత చిరాగ్గా ఉన్నా, రైలు తప్పి అరుస్తున్నా, తాళం చెవి చేతికిచ్చేలోపల చల్లబరిచేసేవాడని చెప్పుకునేవాళ్ళు. ఉన్న మర్యాదంతా అక్కడే ఖర్చుపెట్టి ఇంటికొచ్చేవాడు. మాకు మిగిలేవి ఏమే, ఒసే, ఒరేయ్. పరుగుపందెంలో కప్పు గెలుచుకొస్తే, "ఏడిశావులే, ముందు అన్నం తిను" అని, వీధిలో అందరికీ ఆ కప్పు తనే తిప్పి చూపించుకొచ్చాడు. మేమూ ఆయన్ని నువ్వు అనే పెరిగాం. మీరు అనే మాట మా ఇంట్లో చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోయేది. అందుకని ఆ పొద్దున్న నన్ను ఎవరో గుమ్మం అవతలికి పంపి తలుపేసినట్టనిపించింది. కోపమొచ్చింది. నాకు ఏ బాధ వచ్చినా ముందు కోపంగానే వస్తుంది.

"నాన్నా, ఇటు చూడు. నేను. నీ కూతుర్ని."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. తరవాత చేతులు నలుపుకుంటూ, ఏదో పెద్ద పొరపాటు చేసినవాడిలా, "క్షమించాలండీ, తెలియక... ఏమన్నా లోటు జరిగిందా?" అన్నాడు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను.

మధ్యాహ్నం వదినకి ఫోను చేసి వెళ్ళబోసుకున్నాను. వదిన విని నవ్వింది. "నిన్ను గెస్టు చేశాడా, అదృష్టవంతురాలివి! నన్ను హౌస్‌కీపింగ్ మేడమ్‌ని చేశాడు. దుప్పట్లు సరిగ్గా మడవలేదని రోజూ క్లాసు పీకుతాడు."

"నవ్వకు వదినా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడువు. నేనూ ఆ వంటింట్లో బోలెడు ఏడ్చాను. కానీ ఆయన్ని దిద్దకు. దిద్దావంటే బెదిరిపోతాడు. ఇంక ఆ పూటంతా తిండి కూడా తినడు. ఆయన ఎక్కడున్నాడనుకుంటే నువ్వూ అక్కడికే వెళ్ళు."

అక్కడికి వెళ్ళడం అంత తేలికేం కాదు. గెస్టు పెట్టిన అన్నం కౌంటరు మనిషి తినడు. గెస్టు వచ్చి ఒంటికి సబ్బు రాస్తానంటే ఏ కౌంటరు మనిషి ఒప్పుకుంటాడు? మొదట్లో స్నానానికి రమ్మంటే గుండీలు గట్టిగా పట్టుకుని, "మీకెందుకండీ శ్రమ" అని వెనక్కి వెనక్కి జరిగేవాడు. బతిమాలాను, గద్దించాను. ఒకరోజు ఓపిక నశించి మైదానంలో అరిచినట్టు అరిచాను కూడా. అప్పుడు ఆయన ఎంత మెల్లగా, "మేడమ్, పక్క గదులవాళ్ళు పడుకుని ఉన్నారు" అన్నాడని! సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే నవ్వొచ్చింది. వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలియదు.

తర్వాత ఉపాయం దొరికింది. "ఓనరుగారు ఫోను చేశారండీ. స్టాఫు అంతా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి రావాలట" అన్నాను. నాన్న గబుక్కున లేచాడు. స్టూలు మీద కూర్చుని, నేను వీపు రుద్దుతుంటే గోడకేసి చూస్తూ, "ఓనరుగారు మంచివారే గానీ చాదస్తం ఎక్కువండీ" అని రహస్యం చెప్పాడు. ఆ వీపు మీద ఎక్కి ఉప్పుమూట ఆడిన దాన్ని నేను. ఇప్పుడు ఎముకల మధ్య నా వేళ్ళు దిగిపోతున్నాయి. "నిజమేనండీ" అన్నాను. అలా మొదటిసారి నా నోట మా నాన్నకి అండీ వచ్చింది. నాలుకకి ఎవరిదో చెప్పు తొడిగినట్టుంది.

ఒక్కోరోజు బాగుండేది. తలనిండా నూనె రాయించుకుని, పేపరు తిరగేసి పట్టుకుని, వచ్చేపోయే రైళ్ళ గురించి చెప్పేవాడు. ఒక్కోరోజు పక్క తడిపేసుకుని, నేను దుప్పటి తీస్తుంటే మంచం పక్కన నిలబడి పైకి చూపించేవాడు. "పైన ట్యాంకు కారుతోందండీ. మీ గదిలోకి రాలేదు కదా?"

"రాలేదండీ. ప్లంబరుకి చెప్పాను, చూస్తానన్నాడు."

"వాడు రాడండీ. ఎప్పుడూ ఇంతే."

మేమిద్దరం కలిసి రాని ప్లంబరుని తిట్టుకుంటూ పరుపు ఎండలోకి మోసేవాళ్ళం. అంతా సవ్యంగా సాగుతోందనే చెప్పాలి. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఒకటే కోరిక పట్టుకుంది. బడి తెరిచేలోపల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన నన్ను ఏమే అనాలి. చీవాట్లు పెట్టినా ఫరవాలేదు. నలభై దాటి, నెత్తిన తెల్లవెంట్రుకలొచ్చాక ఇదేం పిచ్చి అని నన్ను నేనే కసురుకునేదాన్ని. పొద్దున్న తలుపు తీస్తూ మళ్ళీ ఆశపడేదాన్ని.

అన్నయ్య ఒక ఆదివారం డ్యూటీ దిగి వచ్చాడు. రెండు అడుగులు లోపల పెట్టాడో లేదో నాన్న కుర్చీలోంచే కేకేశాడు.

"ఒరేయ్! ఆ మసి బట్టలతో సోఫా మీద కూలబడ్డావంటే కాళ్ళు విరగ్గొడతాను!"

చేతిలో ఉన్న గరిటె అక్కడే పడేశాను. అన్నయ్య నిమ్మకు నీరెత్తినట్టు నవ్వుతూ స్నానాల గదిలోకి పోయాడు. బయటికొచ్చాక వంటింట్లో పట్టుకుని దులిపేశాను.

"ఎన్నాళ్ళకోసారి వచ్చే నిన్ను గుర్తుపట్టాడు. రాత్రనక పగలనక పక్కన పడి ఉన్న నన్ను మేడమ్ అంటున్నాడు. ఏం పాపం చేశానురా నేను?"

"నెమ్మది తల్లీ. నాకేదో పట్టాభిషేకం చేసినట్టు మాట్లాడతావేం? పొద్దున్నే తిట్లు తిన్నాను."

"ఆ తిట్లే కావాలి నాకు!"

అన్నయ్య నవ్వడం ఆపేశాడు. తడి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "ఈ మధ్య ఒరేయ్ అని పిలిచి, ఆ వెంటనే మా అన్నవి కదూ అంటున్నాడే. నేను ఆయనకి కొడుకునో, చచ్చిపోయిన పెదనాన్ననో నాకూ తెలియదు. అడగడానికి ధైర్యం లేదు. ఒరేయ్ అన్నాడు కదా, చాలనుకుంటున్నాను."

అన్నయ్యకి అట్టు వేసి పెట్టాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న నా గది తలుపు తట్టాడు. వీధి వైపు కిటికీ ఉన్న ఆ చివరి గది నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నాదే. నాన్న గుమ్మం దాటకుండా, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాడు.

"మీతో ఒక మాట చెప్పాలండీ. ఏమీ అనుకోకూడదు."

"చెప్పండి."

"ఈ గది మీకివ్వడం పొరపాటైపోయిందండీ. ఎవరిచ్చారో నాకు తెలీదు. ఇది మేం ఎవరికీ ఇవ్వం. మా అమ్మాయిది."

నేను మంచం మీద కూర్చుని బట్టలు మడుస్తున్నాను. చేతిలో లంగా అలాగే ఉండిపోయింది.

"దానికి సెలవులిచ్చేశారు. ఇవాళో రేపో వచ్చేస్తుంది. వచ్చి గదిలో ఎవరో ఉన్నారంటే ఇల్లు పీకి పందిరేస్తుందండీ, దానికి కోపమెక్కువ. మీకు హాల్లో మంచం వేయిస్తాను. గాలి బాగా వస్తుంది."

"మీ అమ్మాయి తప్పకుండా వస్తుందాండీ?" అన్నాను. ఎందుకడిగానో నాకు తెలియదు.

"రాకపోతే ఎక్కడికెళ్తుందండీ?" అన్నాడు నాన్న, అంత తెలివితక్కువ ప్రశ్న తనెప్పుడూ విననట్టు.

లేచి పెట్టె సర్దుకున్నాను. నాన్న మొహమాటపడుతూనే, "నేను పట్టుకుంటాను" అని ఒక వైపు పట్టుకున్నాడు. నా గదిలోంచి నన్ను, మా నాన్నా నేనూ కలిసి ఖాళీ చేయించాం. తరవాత ఆయన బీరువాలోంచి ఉతికిన దుప్పటి తీశాడు. చెంచా ఎటు పట్టుకోవాలో మరిచిపోతున్న మనిషి ఆ దుప్పటి ఒక్క విదిలింపుతో పరిచి, నాలుగు మూలలా పరుపు కిందికి మడిచి, అరచేత్తో ముడతలు తీశాడు. దిండు గలీబు మార్చాడు. కిటికీ ఊచలు ఒకటొకటే తుడిచాడు. కూజాలో మంచినీళ్ళు నింపి దాని మీద గ్లాసు బోర్లించాడు. ఆయన ఒంట్లో అంత చురుకు ఎక్కడ దాగి ఉందో గుమ్మంలో నిలబడి చూశాను. నా కోసం అంత శ్రద్ధగా ఎవరైనా పక్క వెయ్యడం నేను ఎన్నడూ చూడలేదు. నేను వచ్చే ప్రతి సెలవులకీ ముందు ఇలాగే చేసేవాడేమో. నేను వచ్చేసరికి గది సిద్ధంగా ఉండేది, అంతే నాకు తెలుసు.

ఆ రోజునుంచి సాయంత్రాలు వసారాలో కూర్చోవడం అలవాటైంది. ఆయన కుర్చీలో, నేను పక్కన బల్ల మీద. వీధి మలుపు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా నాన్న మెడ చాచేవాడు. దిగినవాళ్ళు ఎటువాళ్ళు అటు వెళ్ళిపోయేవాళ్ళు.

"ఇది కాదు. తరవాత బస్సుకి వస్తుంది" అనేవాడు.

"వస్తుందండీ" అనేదాన్ని నేను.

అలా ఇద్దరం కలిసి నా కోసం ఎదురుచూశాం. మొదట్లో అది భరించలేకపోయాను. పోనుపోను నిజంగానే ఆ బస్సులకేసి చూడడం మొదలుపెట్టాను. ఆ బస్సులోంచి ఎవరో దిగితే బాగుండుననిపించేది. ఆయన ఏమే అనగానే ఎదురు తిరిగి జవాబు చెప్పే ఆ పొగరుబోతు పిల్ల అంటే నాకూ బెంగ పుట్టింది. అంతకాలం ఆయన మనసులో ఉన్న ఆ పిల్లని చూసి అసూయపడ్డాను కూడా.

అన్నయ్య మళ్ళీ వచ్చినప్పుడు, ఆశ చావక, ఒక నాటకం ఆడదామన్నాను. పెట్టె పట్టుకుని పెరటి దారిన వెళ్ళి, మలుపు దాకా నడిచి, బస్సు వచ్చి పోయేదాకా ఆగాను. అప్పుడు బస్సు దిగినదానిలాగే చెమటలు కక్కుకుంటూ ఇంటికేసి వచ్చాను. వసారాలో నాన్న లేచి నిలబడ్డాడు. అన్నయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. గేటు తీసి, నా మామూలు గొంతుతో, "నాన్నా, వచ్చేశాను!" అని కేకేశాను.

నాన్న నన్నూ, నా చేతిలో పెట్టెనీ మార్చి మార్చి చూశాడు. మొహం నిండా విచారం పులుముకున్నాడు.

"గది ఖాళీ లేదండీ" అన్నాడు. "ఉన్న ఒక్కటీ మా అమ్మాయి కోసం ఉంచాం. వీధి చివర ఇంకో లాడ్జి ఉంది, అడిగి చూడండి."

అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. పైన ఎండ, చేతిలో బరువు. ఆఖరికి అన్నయ్యే, "నాన్నా, ఈవిడ మనకి పాత గెస్టే. హాల్లో సర్దుకుంటారులే" అన్నాడు.

"అలాగా? అయితే రండి రండి. ఎండలో పడి వచ్చారు, పాపం" అని నాన్న పక్కకి జరిగి దారిచ్చాడు.

ఇంక అలాంటి నాటకాలు ఆడలేదు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత నా కోపం దానంతటదే పోయింది. ఆశ మాత్రం పోలేదు.

మొదటి వాన పడిన రోజుల్లో వదిన ఫోను చేసింది. మనవరాలు పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం, రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తానంది. నాకు రేపు మధ్యాహ్నం బస్సు. ఎల్లుండి బడి తెరుస్తారు. ఆ సాయంత్రం వసారాలో నేల ఇంకా తడిగా ఉంది. నాన్న పాదాలు తడవకుండా కాళ్ళ కింద పీట వేసి కూర్చోబెట్టాను.

"రేపు ఖాళీ చేస్తున్నానండీ" అన్నాను.

"అయ్యో, వెళ్ళిపోతున్నారా?" నాన్న నిజంగానే బాధపడ్డాడు. "మీరున్నన్నాళ్ళూ బాగుందండీ. ఏ పేచీ పెట్టని మనిషి." నా వైపు వంగాడు. "వెళ్ళేది బస్‌స్టాండుకేనా?"

"అవునండీ."

"ఒక చిన్న సాయం చెయ్యాలి. అక్కడ మా అమ్మాయి దిగుతుంది. కనబడితే ఒక కబురు చెప్పాలి. అప్పుడు నేను డ్యూటీలో ఉంటానో, పడుకుని ఉంటానో... ఈ మధ్య నాకు అన్నీ గుర్తుండడం లేదండీ."

"నేను ఎలా గుర్తుపడతాను?"

"దాన్ని గుర్తుపట్టడానికేముందండీ! నడుస్తుంటే నేల అదురుతుంది. గొంతు విన్నారంటే మైకు అక్కర్లేదనుకుంటారు." చెబుతూ చెబుతూ నాన్న తనలో తనే మురిసిపోయాడు.

"ఏం చెప్పమంటారు?"

"గది అలాగే ఉంచానని చెప్పండి. ఎవ్వరికీ ఇవ్వలేదని, ఎప్పుడొచ్చినా దానిదేనని. ఏదీ, మళ్ళీ ఒకసారి చెప్పండి?"

లాడ్జిలో ఎవరికైనా కబురు పంపించేటప్పుడు అది ఆయన పద్ధతి. తిరిగి అప్పజెప్పించుకుంటే గానీ మనిషిని కదలనిచ్చేవాడు కాదు. నేను అప్పజెప్పాను.

"మీ నాన్నగారు మీ గది అలాగే ఉంచారు, మీరు ఎప్పుడొచ్చినా..."

"అలా కాదండీ, అలా కాదు!" నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. "దాన్ని మీరు, గారు అన్నారంటే చిన్నబుచ్చుకుంటుంది. నాన్న నన్ను పరాయిదాన్ని చేశాడా అని ఏడుస్తుంది. పైకి కోపంలాగే కనిపిస్తుందండీ, లోపల ఏడుస్తుంది. దానితో ఏమే అనే మాట్లాడాలి."

నోరు తెరిచాను. ఏమేలో ఏ వరకే వచ్చింది. మైదానం చివరిదాకా వినిపించే గొంతు, పక్కనున్న మనిషిక్కూడా అందలేదు.

"మీకు అలవాటున్నట్టు లేదు" అని నాన్న నవ్వాడు. కుర్చీ చేతుల మీద బరువు వేసి, మెల్లగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. మసకబారిన కళ్ళు చిట్లించి నా మొహంలోకి సూటిగా చూశాడు. "ఇలా అనాలి, చూడండి."

ఎన్నాళ్ళుగానో వినని గొంతు, ఇంటి గొంతు, వసారా అంతా వినబడింది.

"ఏమే! ఇప్పటికా రావడం? ఎన్నాళ్ళు చూడాలే నీ కోసం? నీ గది నీకే ఉంచాను, ఎవ్వరికీ ఇవ్వలేదు. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే. నిలబడి చూస్తావేం, లోపలికి రా!"

"వచ్చాను నాన్నా" అన్నాను.

నాన్న మొహం విప్పారింది. సంతోషంతో తొడ చరుచుకున్నాడు.

"అదీ! అచ్చం అలాగే అంటుందండీ అది."